బాకీ ఉన్న చోటే పేరు: ఒమన్ దస్త్రాల్లో పూర్వీకుల జాడ

ఒమన్‌లో మొట్టమొదటి జనగణన 1993 డిసెంబరులో జరిగింది. ఇరవై లక్షల పైచిలుకు జనం లెక్కకొచ్చారు. ఆ దేశపు తొలి వార్తాపత్రిక ‘అల్ వతన్’ 1971లో మొదలైంది. మరుసటి ఏడాది ‘ఒమన్’ పత్రిక, 1975లో ఇంగ్లీషులో ‘టైమ్స్ ఆఫ్ ఒమన్’ వచ్చాయి. అంటే తాత ముత్తాతల ఆచూకీ తీయాలనుకునే మనిషి మరో దేశంలో మొదట తిరగేసే రెండు సాధనాలూ, జనాభా లెక్కల పట్టీ, పాత పత్రికల కట్ట, ఒమన్‌లో నిన్నమొన్నటి దాకా లేవు. 1970 జులై 23న సుల్తాన్ కాబూస్ గద్దెనెక్కే నాటికి దేశం మొత్తమ్మీద ఆధునిక బడులు మూడే. అయినా ఒమనీ కుటుంబాలు ఏడెనిమిది తరాల వెనక్కి వెళ్లగలుగుతున్నాయి. ఎలాగంటే, వంశవృక్షం గీయడానికని ఎవరూ రాయని కాగితాల్లో వెతికి.

నోటి మాటతో మొదలుపెడితే, ఒమనీ పేరే ఒక చిన్న వంశవృక్షం. 1888 నుంచి 1913 దాకా పాలించిన సుల్తాన్ పేరు ఫైసల్ బిన్ తుర్కీ బిన్ సయీద్ బిన్ సుల్తాన్ అల్ బూసయీదీ. బిన్ అంటే కొడుకు. ఒక్క పేరులో నాలుగు తరాలు వచ్చేశాయి, చివర అల్ బూసయీదీ అన్న తెగ పేరు తగిలింది. తెలుగు ఇంటిపేరు ఎక్కువగా ఊరు చెబుతుంది. అరబ్బు పేరు తాతను చెబుతుంది. రెంటికీ లోటుంది. ఊరి పేరు తెలిసినంత మాత్రాన మనిషి దొరకడు. తాతల వరస ఎంత పొడుగున్నా వాళ్లు ఎక్కడ బతికారో ఏం చేసి బతికారో తెలీదు.

ఇక వంశావళి గ్రంథాలు. సొహార్ ప్రాంతానికి చెందిన అల్ ఔతబీ మధ్యయుగంలోనే ‘అన్సాబ్’ అన్న పెద్ద గ్రంథం రాశాడు. ఇరవయ్యో శతాబ్దంలో సాలిం బిన్ హమూద్ అల్ సియాబీ ఒమన్ తెగల పుట్టుపూర్వోత్తరాలను ‘ఇస్‌ఆఫ్ అల్ అఅయాన్’ పేరుతో పుస్తకంగా కూర్చాడు. తెగ ఏ మూలపురుషుడి నుంచి వచ్చిందో, యెమెన్ వైపు నుంచా ఉత్తర అరేబియా నుంచా అన్నది ఈ పుస్తకాలు చెబుతాయి. తెలుగునాట ఆ పని పుస్తకాలకన్నా మనుషులు ఎక్కువ చేశారు. పద్మశాలీలకు కూనపులి వారు, మాదిగలకు డక్కలి వారు, కాపు, రెడ్డి కులాలకు పిచ్చకుంట్ల వారు ఇంటింటి గోత్రాలు అప్పజెప్పి, సంభావన పుచ్చుకుని వెళ్లేవారు. కచ్ వర్తకులకు వహీవంచా బారోట్లు అదే పని చేసేవారు. ఈ వంశావళులన్నిటికీ ఒకే జబ్బు. మూలపురుషుడు ఉంటాడు, నిన్నటి తాత ఉంటాడు, మధ్యలో పది తరాలు గాలికి పోతాయి. పైగా పొగడ్త వినే చోట చెప్పే కథలో పేదవాడు, ఓడినవాడు, ఊరొదిలి పోయినవాడు ఉండడు.

వాళ్లు ఉండేది లెక్కల పుస్తకాల్లో. ఒమన్ పల్లెల్లో అలాంటి పుస్తకాల్లో మొదటిది ఫలజ్ నుస్ఖా. కొండ అడుగు నుంచో, వాగు ఇసుక కింది నుంచో నీటిని సన్నటి వాలుతో మైళ్ల దూరం తెచ్చి తోటలకు పారించే కాలువ పేరు ఫలజ్. అలాంటివి ఇప్పటికీ మూడు వేల దాకా పారుతున్నాయి. నిజ్వాలోని ఫలజ్ దారిస్‌తో కలిపి అయిదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నీరు ఊరందరిదీ కాదు, వంతుదారులది. వంతును గజాల్లో కాదు, కాలంలో కొలుస్తారు. దాదాపు అరగంట పారే నీరు ఒక అథర్. పగలు నాటిన కర్ర నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి వంతులు మార్చేవారు. తెలుగునాట చెరువు కింద నీరు వదిలే నీరటికాడికి ఈ ఏర్పాటు విడమరిచి చెప్పక్కర్లేదు. ఎవరికి ఎన్ని అథర్‌లో, ఎవరు ఎవరికి అమ్మారో, ఏ వంతు మసీదుకు దానం పోయిందో రాసి ఉంచే పుస్తకం నుస్ఖా. నీటికీ ఊళ్ల పుట్టుకకూ ఉన్న సంబంధం మీద జె.సి. విల్కిన్సన్ 1977లో వెలువరించిన పుస్తకం ఈ ఏర్పాటును బయటి లోకానికి వివరంగా చూపింది.

నుస్ఖా వంశవృక్షంగా ఎలా మారుతుందో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. ఒకాయనకు ఎనిమిది అథర్‌లు, అంటే నాలుగు గంటల నీరు ఉందనుకుందాం. ఆయన పోయాక భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు మిగిలారు. ఇస్లామిక్ వారసత్వ ధర్మం ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు, అంటే ఒక అథర్. మిగిలిన ఏడులో కొడుక్కి మూడున్నర, కూతుళ్లకు తలా ఒకటీ ముప్పావు. పుస్తకంలో బంధుత్వం ఒక్క ముక్క రాయకపోయినా, పక్కపక్కన 1, 3½, 1¾, 1¾ అన్న అంకెలు కనబడితే చాలు, తండ్రి పోయిన ఇల్లు కళ్ల ముందు నిలుస్తుంది. తరవాతి పేజీలో ఒక కూతురి ఒకటీ ముప్పావు మరో తెగ పేరు కిందికి వెళ్తే, ఆ పిల్లను ఆ తెగలో ఇచ్చారేమో అని వెతకడానికి దారి దొరుకుతుంది. వంశావళి గ్రంథాల్లో ఆడవాళ్లు అరుదు. నీటి లెక్కలో మాత్రం బింత్ ఫలానా, అంటే ఫలానావారి కూతురు, అని నిలబడి ఉంటారు, ఎందుకంటే వాళ్ల వాటా ఎగ్గొడితే గొడవవుతుంది. తెలుగునాట కూడా ముత్తవ్వ పేరు దొరకాలంటే పట్టా పుస్తకం కన్నా పసుపు కుంకుమల కింద రాసిచ్చిన దస్తావేజు వెతకడం మేలు.

నుస్ఖాకు తెలుగు దాయాది దండకవిలె. గ్రామ కరణాలు తరతరాలుగా కాపాడిన లెక్క అది. సర్వేయరు కాలిన్ మెకంజీ తన మనుషులతో ఊరూరా సేకరించిన కైఫీయతుల్లో, అంటే ఊళ్ల చరిత్రల్లో, చాలా భాగానికి ఆధారం ఈ కవిలెలే. మెకంజీ 1821లో పోయాక చెదిరిన ఆ కాగితాలకు సి.పి. బ్రౌన్ నకళ్లు రాయించాడు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణాల, మునసబుల వ్యవస్థను రద్దు చేసింది. అధికారికమైన దస్త్రాలు మండలాఫీసులకు చేరాయి, ఇంట్లో మిగిలినవి అటకెక్కాయి. చాలాచోట్ల ఆ అటకల మీదున్న వాటిని చెదలు తినేశాయి.

ఫలజ్ పుస్తకం ఊరు దాటదు. ఊరు దాటి, సముద్రం దాటిన ఒమనీని పట్టి ఇచ్చేది వరఖా. ఆ మాటకు కాగితం అనే అర్థం. పందొమ్మిదో శతాబ్దంలో వేలాదిగా ఒమనీలు జాంజిబార్‌కూ తూర్పు ఆఫ్రికా తీరానికీ వెళ్లారు. లవంగ తోటలు నాటారు, ఏనుగు దంతం కోసం లోపలి ప్రాంతాలకు బిడారులు నడిపారు. పెట్టుబడి కచ్, గుజరాత్ వర్తకులది. అప్పు పుచ్చుకున్నప్పుడు తోటనో ఇంటినో తిరిగి కొనే హక్కు పెట్టుకుని అమ్మినట్టు కాగితం రాసేవారు. తెలుగువారి ముద్దత్తు క్రయం లాంటిదే. ఆ కాగితంలో అప్పు తీసుకున్నవాడి పేరు, తండ్రి పేరు, తాత పేరు, తెగ పేరు తప్పకుండా ఉంటాయి. ఏటా పంట చేతికొచ్చాక తీర్చాల్సిన బాకీ కాబట్టి మనిషి తప్పించుకోకుండా పేరు బిగించి రాశారు. ఫహద్ అహ్మద్ బిషారా 2017లో ప్రచురించిన ‘ఎ సీ ఆఫ్ డెట్’ పుస్తకానికి ప్రాణం ఇలాంటి వరఖాలే. పొగడ్త కోసం రాసిన వంశావళి కన్నా వసూలు కోసం రాసిన ప్రోనోటు ఎక్కువ నిజం చెబుతుందని ఈ కాగితాలు చూస్తే ఒప్పుకోక తప్పదు.

జాంజిబార్ కుటుంబాలకు ఈ వెతుకులాట ఉబుసుపోక చేసేది కాదు. 1856లో మస్కట్‌నూ జాంజిబార్‌నూ కలిపి ఏలిన సయీద్ బిన్ సుల్తాన్ మరణించాక రాజ్యం కొడుకుల మధ్య చీలింది. 1861లో భారత వైస్రాయి కానింగ్ తీర్పుతో మస్కట్, జాంజిబార్ వేరుపడ్డాయి. 1964 జనవరి 12న జాంజిబార్‌లో విప్లవం వచ్చి అరబ్బు కుటుంబాలు కట్టుబట్టలతో పారిపోయాయి. 1970 తరవాత వాటిలో చాలా కుటుంబాలు ఒమన్ చేరాయి. స్వాహిలీ మాట్లాడే ఆ పిల్లలకు తమది ఏ ఊరో, ఏ తెగో రుజువు చూపడం అవసరమైంది. అటు జాంజిబార్ ప్రభుత్వ దస్త్రాగారం, ఇటు లోపలి ఒమన్ పల్లెల్లోని పాత ఉత్తరాలు, రెండూ కలిపి చూస్తే తప్ప కథ పూర్తి కాదు. 2007లో 60వ నంబరు రాజశాసనంతో ఒమన్ ప్రభుత్వం జాతీయ దస్త్రాల, పురాలేఖల సంస్థను ఏర్పరిచాక, ఇళ్లలో పెట్టెల్లో ఉన్న ఇలాంటి కాగితాలను తెచ్చి నమోదు చేయించే దారి ఏర్పడింది.

మూడో వనరు ఇంగ్లీషువారిది. ఈస్టిండియా కంపెనీ 1798లో మస్కట్‌తో ఒప్పందం చేసుకుంది. ఆ తరవాత ఏర్పడిన పొలిటికల్ ఏజెన్సీ దస్త్రాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఆర్/15/6 అన్న గుర్తు కింద ఉన్నాయి. గల్ఫ్‌కు సంబంధించిన ఇలాంటి దస్త్రాలను 2014 నుంచి ఖతర్ డిజిటల్ లైబ్రరీ ఉచితంగా అందరికీ చూపుతోంది. జె.జి. లోరిమర్ కూర్చిన గల్ఫ్ గెజిటీరులో ఊళ్ల భాగం 1908లో, చరిత్ర భాగం 1915లో అచ్చయ్యాయి. అందులో పాలక కుటుంబాల వంశపటాలు కూడా ఉన్నాయి. మామూలు కుటుంబానికి అవి పెద్దగా పనికిరావు. పనికొచ్చేవి ఫిర్యాదు దస్త్రాలు. 1867 నాటి మస్కట్ రాజాజ్ఞ ప్రకారం బ్రిటిష్ ప్రజలుగా లెక్కకొచ్చే భారతీయుల తగాదాలు ఏజెంటు దగ్గర తేలేవి. ఫలానా వర్తకుడి దుకాణం దోపిడీ అయింది, ఫలానావాడు బాకీ ఎగ్గొట్టాడు, చనిపోయినవాడి సరుకు ఎవరికి చెందాలి? ఇలాంటి అర్జీల్లోనే సామాన్యుల పేర్లు తండ్రి పేరుతో, ఊరితో సహా దొరుకుతాయి. 1857లో మాండ్వీ నుంచి వచ్చిన రతన్సీ పురుషోత్తం, 1870లో వచ్చిన రామదాస్ ఠాకర్సీ లాంటి కచ్ వర్తకుల ఇళ్లు ఇప్పటికీ మస్కట్‌లో వ్యాపారం చేస్తున్నాయి కాబట్టి వాళ్ల కథ అందరికీ తెలుసు. తెలియనివాళ్లు అర్జీల్లో ఉన్నారు.

సూర్ రేవు నావికుల సంగతి ఇంకా విచిత్రం. బానిస రవాణా ఉందన్న అనుమానంతో బ్రిటిష్ యుద్ధనౌకలు ఒమనీ పడవలను ఆపి సోదా చేసేవి. ఆ బెడద తప్పించుకోవడానికి సూర్ పడవ యజమానులు కొందరు ఫ్రెంచి జెండా పుచ్చుకున్నారు. ఇంగ్లండు, ఫ్రాన్సు తగాదా పడి హేగ్‌లోని మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి ఎక్కాయి. 1905 ఆగస్టు 8న తీర్పొచ్చింది. 1892 జనవరి 2 తరవాత ఫ్రెంచి జెండా ఇవ్వాలంటే, ఆ యజమాని 1863కి ముందు నుంచే ఫ్రాన్సు రక్షణలో ఉన్నట్టు తేలాలి. దాంతో ఎవరి పడవ ఏది, ఎవరికి జెండా ఎప్పుడిచ్చారు అన్న జాబితాలు తయారయ్యాయి. ఎడారి ఒడ్డున పడవ కట్టుకుని బతికిన మనిషి పేరు యూరప్ న్యాయస్థానపు కాగితాలదాకా వెళ్లింది. వెళ్లింది గౌరవం కోసం కాదు, తగాదా కోసం.

ఈ దస్త్రాల్లో చదవడానికి చెయ్యి వణికేవి విముక్తి పత్రాలు. 1873లో బ్రిటిష్ దూత బార్టిల్ ఫ్రెర్ మస్కట్ వచ్చి సుల్తాన్ తుర్కీతో బానిస వ్యాపార నిషేధ ఒప్పందం చేయించాడు. ఆ తరవాత కొన్ని దశాబ్దాల పాటు, యజమాని నుంచి పారిపోయి ఏజెన్సీ గుమ్మం ఎక్కిన వాళ్ల వాంగ్మూలం రాసుకుని విముక్తి పత్రం ఇచ్చేవారు. వాంగ్మూలం ఒక పేజీ మించదు. పేరు, వయసు సుమారుగా, పుట్టిన చోటు, తల్లిదండ్రుల పేర్లు గుర్తుంటే అవి, ఎవరు ఎత్తుకుపోయారు, ఎక్కడ అమ్మారు, ఎంతమంది చేతులు మారింది. ఆఫ్రికా తీరం నుంచి వచ్చినవాళ్లు, బలూచిస్తాన్ నుంచి వచ్చినవాళ్లు అందులో కనిపిస్తారు. మాథ్యూ హాపర్ 2015 నాటి పుస్తకం ‘స్లేవ్స్ ఆఫ్ వన్ మాస్టర్’ వీటినే ఆధారం చేసుకుంది. వంశావళి గ్రంథం ఏదీ చేర్చుకోని మనుషులకు తల్లిదండ్రుల పేర్లతో సహా మిగిలిన ఆధారం చాలాసార్లు ఆ ఒక్క పేజీయే. ఆ మనుషుల మునిమనవలు ఈనాడు ఒమన్ పౌరులు. తాతను ఈ పేజీలో చూసుకోవాలా వద్దా అన్నది ఆ ఇంటివాళ్ల ఇష్టం. బయటి పరిశోధకుడు ఆ పేరును బజారుకెక్కించడం తప్పు.

పత్రికలు ఒమన్‌లో లేకపోయినా ఒమనీలు పత్రికల్లో ఉన్నారు. జాంజిబార్ ప్రభుత్వ గెజిటు 1892లో మొదలైంది. నాసర్ బిన్ సులైమాన్ అల్ లమ్కీ 1911లో ‘అల్ నజాహ్’ పత్రిక పెట్టాడు. 1929 నుంచి అక్కడి అరబ్ సంఘం ‘అల్ ఫలఖ్’ నడిపింది. బొంబాయిలో 1822లో పుట్టిన గుజరాతీ పత్రిక ‘బొంబాయి సమాచార్’ ఇప్పటికీ నడుస్తోంది. మస్కట్ ఖర్జూరాలూ గుర్రాలూ దిగే రేవు పత్రికలో మస్కట్ వర్తకుల ఊసు రాకుండా ఎలా ఉంటుంది? పాత పత్రిక తిరగేసేవాళ్లు మొదటి పేజీ వార్తల్లో తాతను వెతికి నిరాశపడతారు. వెతకాల్సింది ఓడల రాకపోకల వరుసలు, ఆస్తి వేలం ప్రకటనలు, కోర్టు నోటీసులు. అక్కడ కూడా బాకీయే పేరు పలికిస్తుంది.

తప్పులు దొర్లే చోట్లు కొన్ని ఉన్నాయి. హిజ్రీ సంవత్సరం దాదాపు పదకొండు రోజులు పొట్టి. 33 హిజ్రీ ఏళ్లు మన 32 ఏళ్లకు సమానం. ఆ తేడా పట్టించుకోకపోతే ఒక తరం దాటేసరికి ఏడాది జారుతుంది. తెలుగు కాగితాల్లో జారేది ఏకంగా అరవై ఏళ్లు. ధాత నామ సంవత్సరం అని ఉంటే అది పెద్ద కరువు నాటి 1876 కావచ్చు, 1936 కావచ్చు. శకం పక్కన రాయకపోతే కాగితమూ చేతిరాతా చూసి తేల్చుకోవాలి. మత్రా రేవును ఇంగ్లీషు గుమస్తాలు ముట్రా అని రాశారు. ఉత్తర భారతంలోని మథురనూ అప్పట్లో ఇంచుమించు అలాగే రాసేవారు కాబట్టి ఒకటి వెతికితే మరొకటి తగులుతుంది.

తెలుగువాడు తప్పకుండా బోల్తాపడే మాట ఇంకొకటుంది, హైదరాబాదీ. మస్కట్ పాత కాగితాల్లో హైదరాబాదీలు అన్న మాట కనబడగానే చార్మినార్ గుర్తొస్తుంది. ఆ కాగితాల్లోని హైదరాబాదీలు మత్రాలో సూర్ అల్ లవాతియా అన్న గోడల పేటలో కాపురమున్న ఖోజా ముస్లింలు, ఆ హైదరాబాదు సింధులోది. నిజాం హైదరాబాదుతో తగిలే తీగ మరోచోట ఉంది. 1915 జనవరిలో సుల్తాన్ మీద తిరగబడ్డ లోపలి ఒమన్ ఇమాం సేనలు మూడు వేల మంది మస్కట్ మీదికి వస్తే, ఏడు వందల మంది భారతీయ సిపాయిలు బైత్ అల్ ఫలజ్ దగ్గర అడ్డుకున్నారు. అందులో ఒక పటాలం 95వ రస్సెల్స్ ఇన్‌ఫంట్రీ. హైదరాబాదు రెసిడెంటు హెన్రీ రస్సెల్ పేరు మీద 1813లో అక్కడే పుట్టిన దళం అది. 1915 నాటికి అందులో సిపాయిలు ఉత్తరాదివారు, కాబట్టి దాన్ని చూసి తెలుగు తాతలను ఊహించుకోకూడదు. పేరు కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు.

ఒమన్‌లో తెలుగువారి అసలు కథ చమురుతో మొదలవుతుంది. 1967లో చమురు ఎగుమతి మొదలై, 1970 తరవాత రోడ్లు, బడులు, ఆసుపత్రులు కట్టడానికి మనుషులు కావలసి వచ్చారు. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల మేస్త్రీలు, కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లు ఆ పిలుపుకు వెళ్లారు. యాభై ఏళ్లకు వాళ్లే పూర్వీకులవుతున్నారు. మనవడు ‘తాత దుబాయి పోయిండు’ అన్న ఇంటి మాటతో వెతకడం మొదలుపెడతాడు. తెలంగాణ పల్లెలో గల్ఫంతా దుబాయే. తాత దిగింది మస్కట్‌లోనో, సలాలాలోనో కావచ్చు. తేల్చేది రద్దయిన పాత పాస్‌పోర్టు. అందులో తండ్రి పేరు, ఊరు, వీసా ముద్ర ఉంటాయి. 1983 నాటి వలస చట్టం కింద ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కొట్టిన అనుమతి ముద్ర మరో ఆధారం. అట్ట కట్టిన పతాకా, అంటే అక్కడి గుర్తింపు కార్డు, మీద అర్బాబ్ (యజమాని) పేరు దొరుకుతుంది. వీసా కోసం మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుకు రాసిన ప్రామిసరీ నోటు ఉంటే, పోయిన నెల కూడా తెలుస్తుంది. జాంజిబార్ వరఖాకు ఇది మనవడు.

వెళ్లి తిరిగిరానివాళ్ల పేర్లు పత్రికల జిల్లా పేజీల్లో ఉన్నాయి. ‘గల్ఫ్‌లో మృతి’ అన్న శీర్షిక కింద నాలుగంగుళాల వార్తలో వయసు, ఊరు, మండలం, భార్యాపిల్లల పేర్లు, ఎన్నేళ్ల కిందట వెళ్లాడు, ఎంత అప్పుంది అన్నీ వస్తాయి. అదే వ్యక్తి గురించి అంతకు ముందు ఏ పత్రికా ఒక్క వాక్యం రాసి ఉండదు. ఈ జిల్లా అనుబంధాలను పాత కాగితాల ధరకు తూకం వేసేస్తున్నారు. ప్రధాన సంచిక దాచే గ్రంథాలయాలు కూడా జిల్లా పేజీలను దాచడంలో శ్రద్ధ చూపవు. వంశచరిత్రకు ఎక్కువ పనికొచ్చేవి అవే.

అక్కడి నుంచి వెనక్కి వెళ్లే దారి భూమి కాగితాలది. తెలంగాణలో 1954–55 నాటి ఖాస్రా పహాణీ, అంతకు ముందు సేత్వార్. ఆంధ్ర జిల్లాల్లో రీసర్వే సెటిల్‌మెంటు రిజిస్టరు, ఇనాం భూములకు 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ రిజిస్టర్లు. ఇనాం రిజిస్టరులో భూమి ఎవరు ఎవరికి ఎందుకిచ్చారో, ప్రస్తుతం అనుభవిస్తున్నవాడికి ఏమవుతారో రాసి ఉంటుంది. పాత తెలుగు పత్రికలు, అంటే 1902 నాటి కృష్ణా పత్రిక, 1914 నుంచి దినపత్రికగా వచ్చిన ఆంధ్రపత్రిక, 1926 నాటి గోలకొండ పత్రిక, ఈ భూమి కాగితాలు చూశాక వెతకాల్సినవి. భూమి లేని కులాలకు ఈ భూమి కాగితాల మెట్టు ఉండదు. వారికి డక్కలి వారి నోటి లెక్క, కోర్టు తగాదాలు, ఊరు వదిలినప్పుడు ఓడ రేవులో రాసిన కూలీ పట్టీలు మిగులుతాయి. 1860 నవంబరులో మద్రాసు నుంచి నాటాల్ చేరిన ట్రూరో ఓడ పట్టీ అలాంటిదే. ఏ పొలం పుస్తకంలోనూ లేని మనిషికి ఓడలో ఒక నంబరు పడింది, నంబరు పక్కన తండ్రి పేరు పడింది.

మస్కట్‌లో, సలాలాలో, సొహార్‌లో ఉన్న తెలుగు కుటుంబాలు ఇప్పుడే చేయదగ్గ పని ఒకటుంది. గడువు తీరిన పాస్‌పోర్టులూ పతాకాలూ పారేయకండి. ఉత్తరానికి బదులు మాట రికార్డు చేసి పంపిన క్యాసెట్లు ఇంటి దగ్గరుంటే వాటిని పాడవకముందే కంప్యూటరులోకి ఎక్కించుకోండి. తీరిన ప్రోనోటును చింపేముందు ఫొటో తీసి, వెనక తీసుకున్నవాళ్ల పూర్తి పేరు, తల్లి పేరు, ఊరు, తేదీ తెలుగులో రాసిపెట్టండి.